పాతనాణెమును విడిచినవారు

నాణెములు సేకరించువారిలో ఒక వింత మార్పు కొంతకాలముగా కనిపించుచున్నది. పది పదిహేనేండ్లు శాతవాహనుల సీసపు నాణెములను, విజయనగరపు వరహాలను, నిజాముల చార్మినారు రూపాయలను కూర్చుకొన్న పెద్దమనుష్యుడు ఒకనాడు వానిని అమ్మివేయును, లేదా పెట్టెలో పెట్టి తాళము వేయును. అటుపిమ్మట కిరాణా అంగడిలో చిల్లరగా వచ్చిన రెండు రూపాయల బిళ్లను భూతద్దము క్రింద పెట్టుకొని కూర్చుండును. ఇంటిలోనివారు నవ్వుదురు. తోటి సేకర్తలు జాలిపడుదురు. డబ్బు తగ్గినదనియు, ఓపిక తగ్గినదనియు, పాండిత్యమే తగ్గినదనియు తలకొక కారణము చెప్పుదురు. అట్లు మారినవారిలో నేనును ఒకడను గనుక, అసలు కారణము వేరని చెప్పుటకు నాకు కొంత అధికారము కలదు.

ముందు డబ్బు మాట. శ్రీకృష్ణదేవరాయల బంగారు వరహా నాబోటి ఉపాధ్యాయునకు అందునది కాదు, నిజమే. కాని పాతదంతయు ప్రియము, కొత్తదంతయు చౌక అనుట బజారు నెరుగనివారి మాట. అరిగిపోయిన శాతవాహన సీసపు నాణెము కొన్ని వందల రూపాయలకే దొరకుచుండును. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవనములో విడుదలైన నందమూరి తారకరామారావుగారి స్మారక నాణెముపై నూరు రూపాయలని వ్రాసియున్నను, టంకశాల దానిని వేల రూపాయలకు అమ్మినది. డబ్బే కారణమైనచో వలస ఎదురుదిక్కునకు సాగవలసినది.

నకిలీల బెడద రెండవ కారణమందురు. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. సీసము కొద్దిపాటి వేడికే కరుగును. ఒక అసలు నాణెమును అచ్చుగా పెట్టుకొని నూరు పోయవచ్చును. అట్టిదానిని ఒకదానిని నేనును ముచ్చటపడి కొన్నాను. అంచున అతుకుగీత నా కంట పడుటకు రెండేండ్లు పట్టినది. కొత్తవానిలోను 1939 నాటి ఆరవ జార్జి రూపాయి వంటి అరుదైనవానికి నకిలీలు ఉన్నవి. అయినను మామూలు రెండు రూపాయల బిళ్లకు నకిలీ చేయువాడు కూలి కూడ గిట్టించుకొనలేడు. ఈ నిశ్చింత చిన్నది కాదు.

కాని నన్ను మార్చినది నకిలీ నాణెము కాదు, అసలైన నాణెములే. ఇరువది ఏండ్ల క్రిందట నా తరగతిలోని ఒక కుర్రవాడు, గోదావరి ఒడ్డు పల్లెవాడు, తమ పొలములో దొరికినవని మూడు సీసపు బిళ్లలు కాగితములో చుట్టి తెచ్చి యిచ్చినాడు. నా సంతోషమునకు మేర లేదు. వానికొక నిఘంటువు బహూకరించినాను. రాత్రి దీపము క్రింద ఏనుగు బొమ్మను, చెట్టు గుర్తును, అరిగిన బ్రాహ్మీ అక్షరములను చూచుచు కూర్చున్నాను. ఊరి పేరు వాడు చెప్పియే యుండును, నేను వ్రాసికొనలేదు. కొన్నేండ్లకు పురావస్తుశాఖలో పనిచేసిన ఒక మిత్రునికి వానిని చూపగా, ఆయన చూచి, తిప్పి, “ఎక్కడివి? ఎంత లోతున దొరికినవి? వానితో కుండపెంకులేమైన ఉన్నవా?” అని వరుసగా అడిగినాడు. నాయొద్ద ఒక్క ప్రశ్నకును సమాధానము లేదు. “అయితే ఇవి మూడు సీసపు ముక్కలండీ” అన్నాడాయన. హాస్యమునకే అన్నాడు గాని, ఆ మాట నాకు నేటికిని చురుక్కుమనును.

ఆయన అన్నది యథార్థము. కోటిలింగాల సంగతి చూడుడు. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి తీరముననున్న ఆ ఊరిలో సిముకుని నాణెములును, అంతకు పూర్వులైన గోభద, సమగోప, నారన మున్నగు రాజుల నాణెములును దొరకినవి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితులు వానిని పఠించి లోకమునకు తెలిపినారు. శాతవాహనుల తొలి ఉనికి తెలంగాణమున అను వాదమునకు అవి గొప్ప బలమిచ్చినవి. ఆ బలము లోహములో లేదు, అక్షరములలోను పూర్తిగా లేదు. కోటిలింగాల మట్టిలో దొరకినవను ఒక్క విషయములో ఉన్నది. అవే నాణెములు ఊరూపేరూ లేక ఏ పట్టణపు వర్తకుని పళ్లెములోనో కనిపించియున్నచో, సిముకుని పేరు మిగిలెడిది గాని, వాదము నిలిచెడిది కాదు. నావంటి సేకర్తలు ఎందరు ఎన్ని ఊళ్ల నోరు మూసినారో!

చట్టమును కూడ చెప్పవలెను. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరకిన నిధి పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశము దాటించుటను నిషేధించినది. ఈ రెండును తెలియకనే చాలమంది సేకరించుచుందురు. తెలిసినపిదప మనసున ముల్లు గుచ్చుకొనును.

కొత్త నాణెముతో ఈ బాధ లేదు. అది తన జన్మపత్రికను ముఖముననే ధరించి వచ్చును. సంవత్సరము క్రింద చూడుడు: వజ్రపు గుర్తున్నచో ముంబయి, ఐదు కోణముల నక్షత్రమున్నచో హైదరాబాదు, చుక్క యున్నచో నోయిడా, ఏమియు లేనిచో కలకత్తా. 1985లో రూపాయి బిళ్లలను కొన్నిటిని ఇంగ్లండులోను, వేల్సులోను కూడ ముద్రింపించినారు. బర్మింగ్‌హాములో హీటన్ టంకశాల ముద్రించినవానిపై ఆంగ్ల ‘హెచ్’ అక్షరముండును. మన రూపాయి పరదేశమున పుట్టి ఓడనెక్కి వచ్చినదన్న సంగతి నా విద్యార్థులలో ఎవ్వరికిని తెలియదు. బిళ్లపై ఆ అక్షరము చూపినపిదప వారు అడుగు ప్రశ్నలకు ఆర్థికశాస్త్రపు ఉపన్యాసకుని పిలువవలసివచ్చినది.

కొత్తనాణెమునకు చరిత్ర లేదనువారు రెండు రూపాయల బిళ్ల కథ వినవలెను. 1982లో అది గుండ్రముగా వచ్చినది. 1990ల తరువాత మనమెరిగినది భారతదేశ పటముతో పదునొకండు అంచులది. 2005 ముద్రతో ఉక్కుబిళ్ల వచ్చినది. దానిపై నాలుగు గీతలు కలిసిన గుర్తు భిన్నత్వములో ఏకత్వమునకు సంకేతమని ప్రభుత్వము చెప్పగా, అది శిలువ యని కొందరు వాదమునకు దిగినారు. 2007లో రెండు వ్రేళ్లు చూపు నృత్యహస్తము, 2011లో కొత్త రూపాయి చిహ్నము వచ్చినవి. ఈ కలహము కొత్తది కాదు. 1911లో అయిదవ జార్జి రూపాయిపై రాజు హారములోని ఏనుగు పందివలె కనబడుచున్నదని అలజడి పుట్టగా, మరుసటి ఏట ఏనుగును తిరిగి చెక్కించినారు. ప్రజలు నాణెమును ఖర్చుపెట్టుటయే కాదు, చదువుదురు. శాతవాహనుని ప్రజలు ఆయన ఏనుగును చూచి ఏమనుకొన్నారో మనకు తెలియదు; ఈ కొత్త బిళ్లను గూర్చి జనమేమనుకొన్నారో తెలియును.

తెలుగు చెప్పుకొను నావంటివానికి మరియొక లాభము కలదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి, రూపాయికి నూరు నయాపైసలైనవి. 1964లో ‘నయా’ పోయినది. అణా పోయి అరువదేండ్లు దాటినను పదహారణాల ఆడపడుచు పోలేదు. పావలాను 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగించినారు. మాటలో పావలా చెలామణి అగుచునే యున్నది. చిల్లుకాణీ అనునది వట్టి తిట్టుమాట యని విద్యార్థులనుకొందురు. 1943లో యుద్ధకాలపు రాగి పొదుపునకై నడుమ రంధ్రముతో ముద్రించిన కాణీని వారి అరచేతిలో పెట్టినప్పుడు, ఆ మాటకు అంతవరకు లేని బరువు వచ్చును. దానితోపాటు నా చిన్ననాటి చతురస్రపు అయిదు పైసల అల్యూమినియపు బిళ్లను, వంకీల అంచుగల పదిపైసల బిళ్లను చూపుదును. వానిని నేను కొనలేదు. మా తల్లి పోపులడబ్బాలో మిగిలినవి.

అట్లని కొత్తనాణెముల వారినందరిని మెచ్చుకొనలేను. టంకశాల నుండి మూసిన పెట్టెలో తెప్పించుకొని, చేయి తగిలిన మెరుపు తగ్గునని తెరువక దాచువారు ఎక్కువగుచున్నారు. 2010లో తంజావూరు బృహదీశ్వరాలయపు వెయ్యేండ్ల పండుగకు వెయ్యి రూపాయల నాణెము వెలువడినది. దానితో ఏ అంగడిలోనైన బియ్యము కొన్నవారిని చూచినారా? అది పతకము, నాణెమనుటకు నాకు నోరు రాదు. అరిగినది, పదిమంది చేతులు మారినది, గుడి హుండీలోను బస్సు కండక్టరు సంచిలోను తిరిగినది నాకు కావలెను. ఈ మాటకు మా మిత్రులు కోపింతురు; కోపింపనిండు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. పిల్లవాడు పొలములో దొరికినదని పాతనాణెము తెచ్చినచో, బొమ్మను చూచుటకు ముందు ఊరు, పొలము, తేదీ వ్రాసికొనుడు, నాణెమును కడుగవలదు, సంగతిని అధికారులకు తెలుపుడు. తరగతిలో చూపుటకు వారి జేబులలోని చిల్లర చాలును.

నా మూడు సీసపు నాణెములను ఆ తరువాత ఒక ప్రదర్శనశాలకు అప్పగించినాను. గుమాస్తా రసీదు వ్రాయుచు, లభించిన స్థలము అను గడి వచ్చినప్పుడు తలయెత్తి నన్ను చూచినాడు. నేను మాటాడలేదు. ఆయన ఆ గడిలో చిన్న గీత గీసి, క్రింది గడికి పోయినాడు.