నాలుగు గంటల తపస్సు

ఆధ్యాత్మికత అనగానే మనకు కాషాయం, కమండలం, కొండ గుహ గుర్తుకొస్తాయి. ఆలుమగల ప్రేమ, పిల్లలు, పచారీ సామాను... ఇవన్నీ ఆ దారికి అడ్డమనుకుంటాం. 'బాధ్యతలు తీరాక చూద్దాంలే' అని దేవుణ్ని కూడా రిటైర్మెంటు తర్వాతకు వాయిదా వేస్తాం.

కానీ ఉపనిషత్తుల్లోని గొప్ప సంభాషణల్లో ఒకటి జరిగింది భార్యాభర్తల మధ్యే. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లబోతూ, ఉన్న ఆస్తిని భార్యలు మైత్రేయికి, కాత్యాయనికి పంచుతానంటాడు. భూమ్మీద ఉన్న సంపదంతా ఇచ్చినా దానితో మృత్యువును దాటగలనా అని మైత్రేయి అడుగుతుంది. దాటలేవని ఆయన ఒప్పుకుంటాడు. అయితే మీకు తెలిసిన ఆ దారేదో నాకూ చెప్పండి అంటుందామె. ఆత్మజ్ఞానం గురించిన బోధ అక్కడ మొదలవుతుంది. అదీ ఆలుమగల ప్రేమ నుంచే మొదలవుతుంది. ఒకరికొకరు ఎందుకు ఇష్టమవుతారు అన్నదే ఆయన ఎత్తుకున్న మొదటి విషయం.

మన పెళ్లిలో సప్తపది ఉంది. మొదటి అడుగు అన్నం కోసం. ఏడో అడుగు పడ్డాక ఇద్దరూ స్నేహితులయ్యారని మంత్రం చెబుతుంది. ఏడడుగులు వేయడానికి ఒక్క నిమిషం చాలు. ఆ స్నేహం నిజమో కాదో తేలడానికి మాత్రం ఒక్కోసారి జీవితమంతా పడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది దంపతులకు ఆ పరీక్ష వారానికి రెండు మూడుసార్లు ఎదురవుతుంది.

కొబ్బరి నీళ్లు కూడా వద్దు

ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం... సముద్రం పొడవునా కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలకూల్చింది. పడిపోయిన చోట మళ్లీ మొక్కలు నాటుకున్నారు. కానీ తుపాను కంటే ఎంతో ముందు నుంచే ఈ పల్లెల్ని పట్టుకున్న మరో కష్టం ఉంది. అదే కిడ్నీ జబ్బు. బీపీ, సుగర్ లేనివాళ్లకూ, పొలాల్లో కాయకష్టం చేసేవాళ్లకూ వస్తోంది. ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. వంశధార నీటిని పైపుల్లో ఊళ్లకు తెచ్చే పథకమూ అదే రోజు ప్రారంభమైంది. పలాస, సోంపేట, కవిటి, టెక్కలి వంటి చోట్ల డయాలసిస్ చేస్తున్నారు.

డయాలసిస్ అంటే ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. లోపల మంచం మీద ఒకరు. బయట వరండాలో బల్ల మీద ఇంకొకరు. వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసే ఆటో ఎక్కుతారు. దిగేటప్పుడు ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి ఉంటుంది. పెళ్లి ఊరేగింపు తర్వాత నలుగురిలో భర్త భుజమ్మీద చెయ్యి వేయడం ఇదే మొదటిసారి అయిన ఇల్లాళ్లూ వాళ్లలో ఉండవచ్చు.

ఇంటికెళ్లాక అసలు కష్టం మొదలవుతుంది. కిడ్నీ పనిచేయనివాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్లు కొలత చెబుతారు. ఉప్పు తగ్గించమంటారు. ఉప్పు చేప ముట్టుకోవద్దంటారు. పొటాషియం ఎక్కువని కొబ్బరి నీళ్లు వద్దంటారు. జీడిపప్పుకూ హద్దు పెడతారు. పెరట్లో బొండాలు వేలాడుతుంటాయి, ఇంటి ఇల్లాలు పగలంతా జీడి పిక్కలు ఒలిచి వస్తుంది. ఆ ఇంట్లోనే ఆ రెండూ తినకూడని మనిషి ఉంటాడు.

కోపం ఎవరి మీద?

ఒక ఇల్లు ఊహించుకుందాం. భర్త ఒకప్పుడు చెన్నైలో పనిచేసి, సంక్రాంతికి సంచి నిండా సామాన్లతో దిగేవాడు. భార్య పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళుతుంది. పిక్కలోని జిడ్డుకు ఆమె వేళ్లు నల్లబడ్డాయి. ఇప్పుడతను మంచం పట్టాడు. వేసవి మధ్యాహ్నం గొంతు ఎండిపోతోంది. ఆమె గ్లాసులో సగం పోసి ఇచ్చింది.

"ఏటే, గుక్కెడు నీళ్లకి కూడా లెక్కేనా?"

"లెక్క నాది కాదు మావా, డాక్టరుగారిది."

అతను గ్లాసు విసిరేశాడు. ఆ కోపం ఆమె మీద కాదని ఇద్దరికీ తెలుసు. అయినా గ్లాసు పడింది ఆమె కాళ్ల దగ్గరే. ఆ క్షణంలో ఆమె ముందు రెండు దార్లున్నాయి. అంతకంటే గట్టిగా అరవడం ఒకటి. గ్లాసు తీసి పక్కన పెట్టి, కాసేపాగి, 'దాహం పుట్టినట్టుంది, తడిగుడ్డతో ముఖం తుడుస్తాను రా' అనడం రెండోది. రెండో దారి పట్టిన ప్రతిసారీ ఆమెలో ఏదో ఒకటి మెత్తబడుతుంది, ఏదో ఒకటి గట్టిపడుతుంది. మునులు అడవిలో కూర్చుని జయించాలనుకున్నది ఈ కోపాన్నే కదా!

సాధన ఆమె ఒక్కదానిదే కాదు. అతనిదీ ఉంది. ఇన్నాళ్లూ ఇంటికి తెచ్చిపెట్టిన చెయ్యి ఇప్పుడు చాచాలి. స్నానానికి సాయం అడగాలి. ఆమె కూలి డబ్బుతో కొన్న మందు మింగాలి. మగాడినన్న పట్టుదల కరగకపోతే ఇవేవీ కుదరవు. ఇవ్వడం కంటే తీసుకోవడం కష్టమని చాలామంది మగవాళ్లకు జబ్బు పడ్డాకే తెలుస్తుంది. సిగ్గు పడకుండా సాయం అందుకుని, 'నీ చెయ్యి నొప్పెడుతోందా?' అని తిరిగి అడగగలిగినవాడు ఎన్నో మెట్లు ఎక్కినట్టే.

అమెరికా మానసిక వైద్యుడు స్కాట్ పెక్ 1978లో వచ్చిన 'ది రోడ్ లెస్ ట్రావెల్డ్' పుస్తకంలో ఈ సంగతే మరో రకంగా చెప్పాడు. చూడగానే మనసు పారేసుకోవడాన్ని ఆయన ప్రేమ అనడు. అవతలి మనిషి ఎదగడానికీ తాను ఎదగడానికీ కావాలని చేసే ప్రయత్నమే ఆయన దృష్టిలో ప్రేమ. మొదటిది దానంతటదే వస్తుంది, దానంతటదే పోతుంది. రెండోది రోజూ చేయాల్సిన పని.

తపస్సు ఒక్కరిదే అయితే

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 'ప్రేమే సాధన' అన్న మాట వినడానికి బాగుంటుంది. ఆ మాటను ఆడవాళ్ల నెత్తిన పెట్టి మిగతావాళ్లు చేతులు దులుపుకోవడం అంతకంటే సులువు. సావిత్రి కథ ఆడపిల్లలకే చెబుతాం. శరీరంలో సగం పార్వతికిచ్చిన శివుడి కథ మగపిల్లలకు ఎన్నిసార్లు చెప్పాం? మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ప్రేమతో ఇస్తే అది మహాదానం. అత్తింటివాళ్ల ముఖం చూడలేక, కాదనలేక ఇస్తే అది దానం కాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కూడా దాత ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే ఇవ్వాలంటుంది.

అదే జబ్బు భార్యకొస్తే? వరండాలో బల్ల మీద నాలుగు గంటలు కూర్చునేది ఎవరు? 'పుట్టింటివాళ్లు చూసుకుంటారులే' అనిపిస్తే ఆ ఇంట్లో ఏడో అడుగు ఇంకా పడలేదన్నమాట.

ఉత్తరాంధ్ర గడ్డ మీద పుట్టిన గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' కథలో దారి తప్పిన భర్తను ఓ ఉత్తరంతో దారికి తెస్తుంది కమలిని. ఆమె సహించి ఊరుకోదు, సాధించి హింసించదు. దిద్దుతుంది. ప్రేమలో ఎదుగుదల అంటే ఇదీ ఒక భాగమే. కాదనాల్సినచోట కాదనడం, అలసిపోయానని చెప్పడం, సాయం కావాలని అడగడం కూడా సాధనే.

అందుకే జబ్బున్న ఇళ్లలో కొన్ని సంగతులు మరిచిపోకూడదు. ఆసుపత్రికి ప్రతిసారీ ఒక్కరే వెళ్లక్కర్లేదు. కొడుకు, తమ్ముడు, బావమరిది వంతులేసుకోవచ్చు. సేవ చేసేవాళ్లకు వారానికో పూటైనా తమకంటూ ఉండాలి. ఒకే ఊరిలో ఒకే నీళ్లు తాగుతూ ఒకే ఎండలో పనిచేసిన మనిషి కాబట్టి వాళ్లూ క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. పెళ్లి సంబంధం కుదిరేటప్పుడు జబ్బు సంగతి దాచకూడదు. అబద్ధం మీద వేసిన ఏడడుగులు ఎంతో దూరం సాగవు. రోజులో ఓ పావుగంట మందులు, రిపోర్టుల ఊసు లేని కబుర్లు చెప్పుకోవాలి. పెళ్లినాటి సినిమా, చెట్టు మీది పనసకాయ... ఏవైనా సరే.

నీడ లేనిచోట తోడు

టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి ఉన్నాడు. పెద్ద శివలింగం. పైన కప్పు లేదు. ఎండైనా వానైనా స్వామి ఆరుబయటే. కార్తీక సోమవారాల్లో జనం బారులు తీరతారు. కోరికలు కోరుకునే జంటలు అందులో ఎందరో.

ఆ దేవుణ్ని చూసి ఆలుమగలు నేర్చుకోదగ్గది ఒకటుంది. తోడు అంటే ఎప్పుడూ నీడ ఇవ్వడమే కాదు. కొన్ని కష్టాలకు కప్పు వేయలేం. నయం చేయలేం, పంచుకోనూ లేం. అప్పుడు చేయగలిగిందల్లా ఆ ఎండలోనే పక్కన నిలబడటం. వరండాలో బల్ల మీద కూర్చున్న మనిషి చేస్తున్నది అదే. ఆమె చేతిలో జపమాల లేదు, ఓ ప్లాస్టిక్ సంచి, అందులో ఒక తువ్వాలు, కొలిచి పోసిన నీళ్ల సీసా ఉన్నాయి.

జబ్బు లేని ఇళ్లలో ఈ సాధనకు డయాలసిస్ దాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, ఇంట్లో మనిషిని 'ఇవాళ బాగా అలసిపోయావా?' అని అడిగి, జవాబు పూర్తిగా వింటే చాలు. సాధన మొదలైనట్టే.