బడి గంట తర్వాత చదువు: నాణ్యత గుర్తింపు ఎవరి కోసం?

ఇంగ్లండులో 2025 ఏప్రిల్ నుంచి 750 ప్రైమరీ స్కూళ్లలో ఉచిత బ్రేక్‌ఫాస్ట్ క్లబ్బులు మొదలయ్యాయి. బడి గంటకు ముందే తలుపులు తెరవడం మంచిదే. మరి ఆ అదనపు సమయంలో పిల్లలకు దొరికేది చదువా, కాలక్షేపమా?

ఈ ప్రశ్న అక్కడ పాతదే. ప్రొఫెసర్ జాన్ మెక్‌బీత్ బృందం 52 సెకండరీ స్కూళ్లను పరిశీలించి 2001లో నివేదిక ఇచ్చింది. బడి వేళల తర్వాత నడిచే 'స్టడీ సపోర్ట్'కు వచ్చిన పిల్లలు పరీక్షల్లోనూ, హాజరులోనూ, చదువు మీద ఇష్టంలోనూ మెరుగ్గా ఉన్నారని తేలింది. అయితే గది తెరిచి కూర్చోబెట్టినంత మాత్రాన లాభం రాదు కదా. అందుకే మూడు అంచెల గుర్తింపు పెట్టారు: ఎమర్జ్‌డ్, ఎస్టాబ్లిష్డ్, అడ్వాన్స్‌డ్. స్కూలు తన పనికి తానే ఆధారాలు పోగుచేయాలి, బయటివాళ్లు వచ్చి చూడాలి. ఫైలు సిద్ధం చేసేటప్పుడే అసలు విషయం బయటపడుతుంది: ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు? బాగా చదివే పిల్లలే వచ్చి, వెనుకబడినవాళ్లు ఇంటికి పోతుంటే ఆ క్లబ్బు ఎవరికి నడుస్తున్నట్టు?

ముస్లిం కుటుంబాలకు ఇక్కడే మరో లెక్క ఉంది. అక్కడ వేలాది పిల్లలు సాయంత్రం బడి నుంచి నేరుగా మసీదు మక్తబ్‌కో, ట్యూషన్‌కో వెళ్తారు. ఇలాంటి చోట్లను రిజిస్టర్ చేయించి తనిఖీ చేస్తామని ప్రభుత్వం 2015లో ప్రతిపాదించింది. ముస్లిం సంస్థలే కాదు, చర్చిలూ అభ్యంతరం చెప్పాయి. 2018లో ఆ ఆలోచన పక్కకు పోయింది. తనిఖీ తప్పిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లు చాలామందే. కానీ పిల్లల భద్రత సంగతి అలాగే మిగిలిపోయింది.

ఇష్టపూర్వక గుర్తింపు పనికొచ్చేది ఈ ఖాళీలోనే. సప్లిమెంటరీ స్కూళ్ల జాతీయ వనరుల కేంద్రం బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అవార్డులు ఇస్తోంది. మొదటి మెట్టులో పిల్లల రక్షణ, నిర్వహణ లాంటి కనీస ఏర్పాట్లు చూస్తారు. పైమెట్లలో బోధన ఎలా ఉందో అడుగుతారు. మతపాఠం ఏం చెప్పాలో ఎవరూ శాసించరు. హైదరాబాద్ నుంచో, గుంటూరు నుంచో వెళ్లి స్థిరపడిన తల్లికి హజ్రత్‌ను నిలదీయడం బేఅదబీగా అనిపించవచ్చు. ''మనకు బ్రాంజ్ ఉందా సాబ్?'' అని అడగడం తేలిక.

ఇబ్బందులూ లేకపోలేదు. జీతం లేకుండా శని, ఆదివారాలు పాఠం చెప్పేవాళ్ల మీద కాగితాల బరువు పడుతుంది. చిన్న మక్తబ్‌కు ఫైలు రాసిపెట్టే మనిషే దొరకడు. పక్కనున్న పెద్ద మసీదు కమిటీ ఆ పని పంచుకుంటే బ్రాంజ్ దాకా రావడం అంత కష్టమేమీ కాదు.