కొత్త ఒక వింత, పాత ఒక రోత: శనివారం రాత్రి రేసుల సంగతి

మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఓ జబ్బుంది. నడుస్తున్న పాత సిస్టమ్ కనపడితే చాలు, “తీసి పారేసి మళ్ళీ మొదట్నుంచీ రాద్దాం” అంటాం. ఇక్కడి స్టాక్ కారు రేసులకీ అదే జబ్బు పట్టింది. “పాత ఛాసిస్‌తో గెలవలేవు, కొత్తది కొను” అని ఎవర్నడిగినా ఒకటే పాట.

నేనంటున్నది టీవీలో వచ్చే నాస్కార్ గురించి కాదండీ. మా నార్త్ కరోలినాలో హికరీ, బౌమన్ గ్రే లాంటి చిన్న ట్రాకుల గురించి. బౌమన్ గ్రే అయితే ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు, అంతే. అక్కడ పోటీ చేసేవాళ్ళలో చాలామంది వారమంతా ఏదో ఉద్యోగం చేసుకుని, సొంత డబ్బుతో కారు తయారు చేసుకునేవాళ్ళు.

దేశంలో చాలా ట్రాకుల మీద స్ట్రీట్ స్టాక్ తరగతికి ఆధారం జనరల్ మోటార్స్ ‘మెట్రిక్’ ఫ్రేము. 1978 నుంచి 1988 దాకా మాలిబు, మాంటే కార్లో లాంటి కార్ల కింద వచ్చింది. వీల్‌బేస్ 108 అంగుళాలు. పాత కార్ల యార్డులో ఒకటి కొని, లోపల కేజ్ వెల్డింగ్ చేసుకుంటే రేసు కారు తయారు. కొత్త రకమంటే, రేసు కోసమే జిగ్గు మీద గొట్టాలతో కట్టింది.

కొత్తదానిలో గొప్ప లేదని నేననను. సస్పెన్షన్ ఎక్కడ తగిలించాలో కట్టేవాడి ఇష్టం. మెట్రిక్ ఫ్రేములో వెనక ఇరుసుని పట్టుకునే నాలుగు లింకులూ ఫ్యాక్టరీ పెట్టిన చోటే ఉంటాయి. మలుపులో కారు ఒరిగితే అవి బిగుసుకుంటాయి కూడా. ఒప్పుకున్నాను.

కానీ, అన్నీ ఎడమ మలుపులే ఉన్న ఈ చిన్న ట్రాకుల మీద నాలుగు చక్రాల కిందా తూకం పెట్టి బరువు సరిచూసుకోవాలి, స్ప్రింగులు కుదరాలి, టైర్లు చివరిదాకా నిలవాలి. ఇవేవీ ఛాసిస్‌తో పాటు పెట్టెలో రావు. ఫ్రేము వంకరపోయిందో లేదో కొలిచి చూసుకోనివాడు కొత్తది కొన్నా వెనకే ఉంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు ఊరికేనా!

“మరి భద్రతో?” అంటారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే కొత్తదనం ఒక్కటే ప్రాణం కాపాడదు. 2022లో నాస్కార్ పైస్థాయిలో ‘నెక్స్ట్ జెన్’ కారు దించారు. సరికొత్తది. అదే ఏడాది జూలైలో పొకోనో దగ్గర కారు వెనకభాగం గోడకి కొట్టుకుని కర్ట్ బుష్‌కి తల అదిరింది. మళ్ళీ ఆ స్థాయిలో పోటీ చేయకుండానే 2023లో రిటైరయ్యాడు. వెనకభాగం మరీ గట్టిగా ఉందని 2023కి మార్చారు. 2001లో డేల్ ఎర్న్‌హార్ట్ పోయాక, అదే ఏడాది తల, మెడ పట్టి ఉంచే సాధనాన్ని తప్పనిసరి చేశారు. అది ఏ కారులో కూర్చున్నవాడికైనా పనిచేస్తుంది.

కాబట్టి ట్రాకుల వాళ్ళు చెయ్యాల్సింది ఇది. పాత ఫ్రేముని తరిమెయ్యకండి, దానికి బరువులో కాస్త వెసులుబాటివ్వండి. కేజ్ గొట్టాలు తుప్పు పట్టాయేమో, వెల్డింగులు చీలాయేమో చూడండి. మంచి సీటు, మెడ రక్షణ లేనివాణ్ణి, కారు నిన్న కట్టిందైనా సరే, లోపలికి రానివ్వకండి.

అంతేగానీ ఏటా కొత్త ఛాసిస్ కొనగలిగినవాళ్ళకే ఆట అంటే, ఓ శనివారం నలుగురే మిగులుతారు. నాలుగు కార్లు తిరుగుతుంటే చూడ్డానికి టిక్కెట్టు ఎవడు కొంటాడండీ?