ఇంటి మరమ్మతు: వేడినీళ్ళ నల్లా సన్నగా వస్తే

నీలం నగర్ నుంచి ఒక బిడ్డ పోయిన నెల ఫోన్ చేసి అడిగింది: "కాకా, మా గీజర్ నిండనీకె అరగంట పడ్తుంది. మా అత్త తానం చేసినంక మళ్ళ ఆయన తానం చెయ్యాలంటే డ్యూటీ టైం అయిపోతది. మాలక్ ఏమో గీజర్ మేమే ఖరాబు చేసినమని, కొత్తదాని పైసలు డిపాజిట్‌ల పట్టుకుంటా అంటుండు."

టవల్ కారఖానాలో రాత్రి పాళీ చేసేవాళ్ళ ఇల్లు. పైన నాలుగో అంతస్తు, భాడెకు. కొత్త గీజర్ అంటే ఎనిమిది తొమ్మిది వేలు తక్కువ కాదు. డిపాజిట్ మొత్తం 20 వేలు. అందుకని ఫోన్ మీద చెప్పి ఊరుకోలేదు, పానా, టెఫ్లాన్ టేపు పట్టుకుని వెళ్ళాను.

ముందుగా ఒక మాట. చాలామంది గీజర్ అంటే పై టాకీ లాంటిదే అనుకుంటారు. వేడినీళ్ళు పట్టుకుంటే ఖాళీ అవుతుంది, తర్వాత మెల్లగా నిండుతుంది అని. అలా కాదు. గోడకు బిగించే స్టోరేజీ గీజర్ ఎప్పుడూ నిండే ఉంటుంది. చల్లనీళ్ళు కింది భాగంలోకి వస్తాయి, పైభాగంలో ఉన్న వేడినీళ్ళను బయటికి తోస్తాయి. మన పాత రాగి బంబు గుర్తుందా? గరాటులో ఒక చెంబు చల్లనీళ్ళు పోస్తే అటు మూతి నుంచి ఒక చెంబు వేడినీళ్ళు వచ్చే రకం బంబులు ఉండేవి. గీజర్ కూడా అదే లెక్క. చెంబుతో మనం పోసే పని పై టాకీ బరువు చేస్తుంది, అంతే తేడా. కాబట్టి వేడినీళ్ళు సన్నగా వస్తున్నాయంటే గీజర్‌లోకి చల్లనీళ్ళు సన్నగా పోతున్నాయి, లేదా బయటికి వచ్చే దారిలో ఏదో అడ్డం ఉంది. మూడో కారణం లేదు.

ఇంకో తికమక కూడా ఉంది. నీళ్ళు సన్నగా రావడం వేరు, నీళ్ళు ఆలస్యంగా వేడెక్కడం వేరు. ఈ ఇంట్లో రెండూ కలిపి "నిండుతలేదు" అంటున్నారు. 15 లీటర్ల గీజర్‌లో 2 కిలోవాట్ల ఎలిమెంటు ఉంటే, 20 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు రావడానికి 20 నిమిషాల పైన పడుతుంది. అది రోగం కాదు. ఒకరు స్నానం చేశాక ఇంకొకరు ఆమాత్రం ఆగాల్సిందే. 20 నిమిషాల పని 45 నిమిషాలు పడుతుంటే అప్పుడు ఎలిమెంటు మీద సున్నం పొర కట్టిందనో, కరెంటు తక్కువ వస్తుందనో అనుమానించాలి. ఈ ఇంట్లో వేడెక్కడం బాగానే ఉంది. ధార మాత్రం పెన్సిల్ అంత సన్నం.

ధారను కంటితో కొలవొద్దు, బకీటుతో కొలవాలి. ఒకే బాత్రూంలో ఒకే బకీటు పెట్టి, గడియారం చూసి, ముందు చల్లనీళ్ళ నల్లా, తర్వాత వేడినీళ్ళ నల్లా పట్టాను. చల్లనీళ్ళకు 2 నిమిషాలు. వేడినీళ్ళకు 7 నిమిషాలు దాటింది. రెండూ మెల్లగా వచ్చి ఉంటే తప్పు గీజర్‌ది కాదు, పై టాకీదో పైపుదో అయ్యేది. పై అంతస్తు వాళ్ళకు ఇది మామూలే. టాకీలో నీటిమట్టం నల్లాకంటే 10 మీటర్లు ఎత్తులో ఉంటే 1 బార్ ఒత్తిడి వస్తుంది. నాలుగో అంతస్తుకు టాకీ రెండు మీటర్ల పైనే ఉంటే వచ్చేది 0.2 బార్. కింది అంతస్తు వాళ్ళలాగా ధార కావాలంటే ఎక్కడ వస్తుంది? కానీ ఇక్కడ చల్లనీళ్ళు బాగున్నాయి, వేడినీళ్ళే బాగాలేవు. అంటే అడ్డం యాంగిల్ కాక్ నుంచి వేడినీళ్ళ నల్లా దాకా ఆ నాలుగైదు అడుగుల్లోనే ఉంది.

తర్వాత పని చేసేముందు స్విచ్ ఒక్కటే కాదు, ఎంసీబీ కూడా కిందికి దించాలి. వేడినీళ్ళు కాసేపు వదిలి ట్యాంకును చల్లబడనివ్వాలి. యాంగిల్ కాక్ మూసి, అల్లిక పైపును గీజర్ దగ్గర విప్పి, దాని మూతిని బకీటులో పెట్టి కాక్ తిప్పాను. జోరుగా వచ్చింది. కాక్ బాగుంది, అల్లిక పైపు బాగుంది. కొన్ని ఇళ్ళల్లో రోగం ఇక్కడే తేలుతుంది. ఆ పైపుల పైన స్టీలు అల్లిక మెరుస్తూనే ఉంటుంది, లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. మనకు నాలుగైదు రోజులకోసారి నీళ్ళు వచ్చే ఊరు. మధ్యలో టాకీ అడుగు దాకా వాడతాం, ఆ అడుగు మట్టి, ఇసుక అన్నీ ఈ సన్న దారుల్లోకే వస్తాయి. బోరు నీళ్ళు కలిసే బిల్డింగుల్లో సున్నం అదనం.

ఇక మిగిలింది గీజర్ అడుగున చల్లనీళ్ళు వెళ్ళే మూతికి బిగించిన ఇత్తడి వాల్వు. నీళ్ళను లోపలికే పోనిచ్చి వెనక్కి రానివ్వనిది అది. మిల్లులో మేం ఎన్ఆర్వీ అనేవాళ్ళం. ఇళ్ళ గీజర్లలో చాలావాటికి ఇదే వాల్వులో పక్కన ఒక చిన్న మూతి ఉంటుంది, ఒత్తిడి ఎక్కువైతే నీళ్ళు వదిలే సేఫ్టీ మూతి. దీన్ని విప్పితే ట్యాంకు నీళ్ళన్నీ కిందికి వస్తాయి, బకీటు పెట్టుకోవాలి. విప్పి చూస్తే లోపలి చిన్న బిళ్ళ తెల్లటి సున్నంతో పట్టేసింది, దానికి తోడు పాత టెఫ్లాన్ టేపు ముక్క ఒకటి అడ్డం పడింది. ధార సన్నబడింది ఇక్కడే.

కానీ నాకు ఒళ్ళు జలదరించింది వేరే దానికి. ఆ సేఫ్టీ మూతిని ఎవరో మిస్త్రీ ప్లాస్టిక్ బిరడా కొట్టి, పైన ఎం-సీల్ పూసి మూసేశాడు.

"ఇదెవలు చేసిండ్రు బిడ్డా?"

"మేం రాకముందే ఉన్నది కాకా. ఎప్పటికీ చుక్క చుక్క కారుతుండె అంట, గోడ ఖరాబు అయితదని మాలక్ పెట్టిచ్చిండు అంట."

అక్కలారా, చెల్లెళ్ళారా, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 15 లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకు వస్తే దాదాపు ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువవుతాయి. ఎన్ఆర్వీ వాటిని వెనక్కి పోనివ్వదు, నల్లా మూసి ఉంటుంది. మరి ఆ గ్లాసు నీళ్ళు ఎక్కడికి పోవాలి? ఆ చిన్న మూతి నుంచే కారాలి. గీజర్ వేడెక్కేటప్పుడు చుక్కలు పడటం చెడిపోయిన గుర్తు కాదు, పనిచేస్తున్న గుర్తు. గీజర్ బంద్ చేసి చల్లారాక కూడా రోజంతా కారితే అప్పుడు వాల్వు మార్చాలి. కారే మూతికి సన్న పైపు తగిలించి మోరి దాకా వదిలితే గోడ కూడా తడవదు. మూసెయ్యడం మాత్రం ఎప్పటికీ కాదు.

మూస్తే ఏమవుతుందో మిల్లు బాయిలర్ ఖాతాలో పనిచేసినవాళ్ళను ఎవరినైనా అడగండి. థర్మోస్టాట్ పట్టేసి, దాని వెనక ఉండే కటౌట్ కూడా పనిచెయ్యకపోతే నీళ్ళు వేడెక్కుతూనే ఉంటాయి. దారి మూసి ఉంటే 100 డిగ్రీలు దాటినా మరగవు, ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. ట్యాంకు ఎక్కడో చిట్లిందంటే ఆ నీళ్ళలో కొంత ఒక్కసారిగా ఆవిరైపోతుంది. లీటరు నీళ్ళకు 1600 లీటర్ల పైనే ఆవిరి. 1923 నాటి బాయిలర్ల చట్టంలో సేఫ్టీ వాల్వును పనిచెయ్యకుండా చెయ్యడం నేరమని రాసి ఉండేది. మిల్లులో దాని మీద చెయ్యి వెయ్యాలంటే భయపడేవాళ్ళం. అదే పని ఇంట్లో, ముసలామె స్నానం చేసే చోట, నెత్తి మీద చేసి పెట్టారు.

వాల్వు కడిగి మళ్ళీ పెట్టలేదు. బిరడా కొట్టిన దాన్ని నమ్మలేం. కొత్తది 280 రూపాయలకు వచ్చింది. దుకాణంలో అడిగేటప్పుడు పై అంతస్తు అని చెప్పండి. కొన్నిటి స్ప్రింగు మరీ గట్టిగా ఉంటుంది, టాకీ ఎత్తు తక్కువైన చోట ఆ స్ప్రింగే సగం ధారను తినేస్తుంది. బిగించాక బకీటు 2 నిమిషాల 20 సెకన్లలో నిండింది. థర్మోస్టాట్ 75 మీద ఉంటే 55కు తగ్గించాను, 60 దాటితే సున్నం ఎక్కువ పేరుకుంటుంది.

మాలక్ సంగతి. ఆయన్ను పిలిచి పాత వాల్వు, దానికున్న బిరడా చేతిలో పెట్టాను. ముందు "కిరాయిదార్లే" అన్నాడు. ఎం-సీల్ మీద పాత రంగు పూత ఉంది, ఇల్లు రంగు వేసింది వీళ్ళు రాకముందు. దాంతో మాట మార్చాడు. 280 భాడెలో తగ్గించుకొమ్మన్నాడు. గీజర్ మీద సర్వీసింగ్ మాత్రం మీరే చేయించుకోండి అన్నాడు, అది ఇంకా తేలలేదు.

మన రాష్ట్రం 1999 కిరాయి చట్టంలో 14వ సెక్షన్ ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు ఇంటిని బాగుగా ఉంచే బాధ్యత మాలక్‌దే. కనీసం 15 రోజుల నోటీసు ఇచ్చినా చెయ్యకపోతే కిరాయిదారు చేయించుకుని ఖర్చు భాడెలో తగ్గించుకోవచ్చు, అయితే సంవత్సరం భాడెలో నాలుగో వంతు దాటకూడదు. మనవాళ్ళలో చాలామందివి 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్ కాగితాలు. వాటిలో ఏం రాసి ఉంటే అది ముఖ్యం, కాబట్టి సంతకం చేసేముందు గీజర్, ఫ్యాన్లు, మోటారు ఎవరు బాగుచేయించాలో ఒక లైను రాయించుకోండి. ఇంట్లో చేరిన రోజే గీజర్ అడుగు భాగాన్ని ఫోన్‌లో ఫోటో తీసి మాలక్‌కు పంపండి. అది ఉంటే రేపు వాదించే అవసరం ఉండదు.

ఒక్కటి మిగిలింది. టాకీ పూర్తిగా ఖాళీ అయిన రోజు గీజర్ స్విచ్ వెయ్యొద్దు. ఎన్ఆర్వీ సరిగ్గా పట్టకపోతే గీజర్‌లో నీళ్ళు వెనక్కి జారిపోయి ఉంటాయి, ఎలిమెంటు ఉత్తగా కాలుతుంది. నీళ్ళు వచ్చాక వేడినీళ్ళ నల్లా పూర్తిగా తిప్పి పెట్టండి. ముందు గుర్ గుర్ అని గాలి వస్తుంది, తర్వాత మట్టి రంగు నీళ్ళు, తర్వాత ధార ఒకే తీరుగా వస్తుంది. అప్పుడు స్విచ్. నల్లా పట్టుకుంటే ఏమాత్రం జిల్లుమన్నా వెంటనే ఎంసీబీ దించి ఎర్తింగ్ చూపించండి, ఆ గీజర్ నీళ్ళు ఆ రోజు వాడొద్దు.

వచ్చే నెల మిక్సీ జార్ కింద నీళ్ళు కారే సంగతి. ముగ్గురు అడిగారు.