టెక్కెము లేనివారు

ఉత్తరగోగ్రహణంలో అర్జునుడు కౌరవ వీరులను ఉత్తరుడికి ఎలా చూపించాడో మన ఇళ్లలో పెద్దలందరికీ తెలిసిందే. మొహాలు చూపించలేదు, టెక్కెములు చూపించాడు. తాటిచెట్టు వున్నది భీష్ముడి రథం. పాము వున్నది దుర్యోధనుడిది. సింహం తోక అశ్వత్థామది. యుద్ధంలో రేగే దుమ్ములో, కవచాల చాటున మనిషి ఆనవాలు దొరకదు గదా!

ఐరోపావారూ ఇదే అవసరానికి ఇలాంటి ఉపాయమే పన్నారు. 12వ శతాబ్దంలో, శిరస్త్రాణంలో మొహం దాగిపోయిన రౌతు ఎవరో తెలియడానికి డాలుమీద రంగుల బొమ్మ వేయించుకునేవాడు. రాను రాను ఆ డాళ్లు యుద్ధం మానుకొని ఊళ్లకు లాంఛనాలయ్యాయి. పారిస్ నగరానిది నావ. లియాన్ నగరానిది, పేరుకు తగ్గట్టు, సింహం.

ఇలాంటి నగర లాంఛనాలు ఎన్నో ఒకేచోట రాతిలో చెక్కిన కట్టడం ఫ్రాన్సులో, వెర్డన్ పట్టణం దగ్గర దువోమాన్ అనే చోట వుంది. 1916 ఫిబ్రవరి 21 మొదలు డిసెంబరు 18 దాకా ఫ్రెంచి, జర్మన్ సైన్యాలు అక్కడ పోరాడాయి. ఇరుపక్షాలా సుమారు మూడు లక్షలమంది పోయారు. ఫిరంగి గుండ్లు ఆ నేలను దున్నినచోటే మళ్లీ దున్నాయి. పూడ్చిన శవాలకు కూడా నిలకడ లేకపోయింది. యుద్ధం ముగిశాక ఏరిన ఎముకలు ఎవరివో, కనీసం ఏ దేశంవారివో చెప్పగలవారు లేరు.

వాటికొక నీడ కల్పించాలని వెర్డన్ బిషప్ జినిస్టీ చందాలకు బయలుదేరాడు. 1920లో శంకుస్థాపన, 1932 ఆగస్టు 7న ప్రారంభోత్సవం జరిగాయి. కట్టడం పొడవు 137 మీటర్లు, నడిమి బురుజు ఎత్తు 46 మీటర్లు. విరాళాలిచ్చిన నగరాల లాంఛనాలను బయటి గోడలమీద చెక్కారు.

మన గుళ్లో ట్యూబులైటు మీద, వెలుతురుకు అడ్డంగా రాయించే దాత పేరు గుర్తుకొచ్చి నవ్వు రావచ్చు. కాని ఆ కట్టడానికే నేలమట్టాన చిన్న చిన్న కిటికీలున్నాయి. వంగి చూస్తే లోపల ఎముకల గుట్టలు. సుమారు 1,30,000 మందివి. ఫ్రెంచివారూ జర్మన్లూ కలిసిపోయి వున్నారు. రణరంగంలో మనిషిని పోల్చుకోవడానికి పుట్టిన గుర్తు, ఎవరూ పోల్చుకోలేని మనుషులకు కాపలా కాస్తోంది.

1984 సెప్టెంబరు 22న ఫ్రాన్సు అధ్యక్షుడు మితెరా, జర్మనీ ఛాన్సలర్ కోల్ దాని ఎదుట చేయీ చేయీ పట్టుకొని మౌనంగా నిలబడ్డారు. లోపలి కప్పురాళ్లమీద, చనిపోయినవారి బంధువులు చెక్కించిన పేర్లున్నాయి. వాటిలో మొట్టమొదటి జర్మన్ పేరు 2014లో గాని చేరలేదు. ఎముకలు కలిసిన తొంభై ఏళ్లకు పేర్లు కలిశాయన్నమాట!

అక్షౌహిణికి కాల్బలం 1,09,350 అని భారతంలో లెక్క. అర్జునుడు చూపించిన టెక్కెములన్నీ రథికులవే. కాల్బలంలో ఒక్కడికీ టెక్కెము లేదు. ఉత్తరుడూ వాళ్లెవరని అడగలేదు. దువోమాన్ కిటికీల వెనుక వున్నది అంతకంటె పెద్ద సేన.