నేను విజిటర్నా?

మొన్న ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట వెళ్లాను. మా పుట్టిల్లు అక్కడే. గుడి దగ్గర వరసలో నిలబడ్డామో లేదో, వెనకనించి ఓ పిన్నిగారు మా అమ్మాయి గడ్డం పట్టుకుని, "ఎనిమిదోనెల పిల్ల బతకదంటారు. అంతా అమ్మవారి చలవ! అయినా తల్లి కాస్త ఒళ్లు దగ్గరపెట్టుకుని ఉంటే అన్ని తిప్పలుండేవా?" అన్నారు. మా అమ్మాయికిప్పుడు పదిహేనేళ్లు. పదిహేనేళ్లుగా ఈ మాట నా వెంట తిరుగుతూనే ఉంది. అమ్మవారి ఎదుట తగువేమిటని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

2011 సంక్రాంతికి పుట్టింటికొచ్చాను. పురుటికింకా ఏడు వారాలు గడువుంది. కనుమనాడు కాకైనా కదలదంటారు, నేను కదలవలసొచ్చింది. ఆ రాత్రి నొప్పులు మొదలైతే కైకలూరు చేరి, అక్కణ్ణించి కారులో పట్నం పరిగెత్తాం. తెల్లారేసరికి పిల్ల పుట్టింది. బరువు 1 కేజీ 600 గ్రాములు. ఏడుపు నా చెవిన పడిందో లేదో, ఎత్తుకుని గాజుతలుపుల వెనక్కి తీసుకుపోయారు. రెండు చీరలతో పండక్కొచ్చిన దాన్ని, 26 రోజులు ఆ ఆసుపత్రిలో ఉండిపోయాను.

ఆసుపత్రి పేరు అనవసరం. అదొక్కటే అలా ఉండేదనీ కాదు. పిల్ల తొట్టికి కట్టిన చీటీమీద 'బేబీ ఆఫ్' అని నా పేరు రాశారు. మన సంసారాల్లో పిల్లలకి తండ్రి ఇంటిపేరు, తాతపేరు, మొక్కుకున్న దేవుడి పేరు. తల్లి పేరుతో పిల్లని పిలిచే చోటు ఇదొక్కటే గదా అని, అంత దుఃఖంలోనూ మురిసిపోయాను. ఆ మురిపెం తలుపుదాకానే. తలుపు దగ్గర పుస్తకం పెట్టుకు కూర్చున్నతను "విజిటర్సుకి సాయంత్రం అయిదునించి అయిదున్నర" అన్నాడు.

"నేను తల్లినయ్యా."

"తల్లయినా అంతేనమ్మా."

లోపల డాక్టర్లూ నర్సులూ నా పిల్లకి ప్రాణం పోశారు. ఆ మాట కాదంటే కళ్లుపోతాయి. నెలలు నిండని పిల్లకి చర్మం పల్చన, ఒంట్లో కొవ్వుండదు, వెచ్చదనం నిలుపుకోలేదు. చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేసే నేర్పు సుమారు 34 వారాలకి గాని రాదు. అంచేత మొదట గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో పాలు పట్టాలి. ఆ పాలెక్కణ్ణించి రావాలి? నా దగ్గర్నించే. మూడు గంటలకోసారి వరండాలో గోడవైపు తిరిగి, పైట కప్పుకుని, గిన్నెలోకి పాలు పిండి ఇచ్చేదాన్ని. గిన్నె లోపలికి, నేను బయటికి! పాలు విజిటర్ కాదుట, తల్లి విజిటరుట. ఇదేం న్యాయమండీ?

ఇక బయట బెంచీమీద రెండో విచారణ. అది మన ఆడవాళ్లది. "బొప్పాయి తిన్నావా?" "గ్రహణం చూశావా?" "దోనె ఎక్కావా?" ఒకావిడైతే "రాత్రీపగలూ నవలలు రాస్తూ కూర్చుంటే కడుపు నిలుస్తుందా?" అని తీర్పు చెప్పేసింది. మావారిని మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "పాపం, ఎంత చిక్కిపోయాడో!" అని ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చారు. ముందుగా నొప్పులెందుకొచ్చాయో చాలా కాన్పుల్లో వైద్యులకే అంతుపట్టదు. వాళ్లకి తెలియనిది మన వరండాలో అందరికీ తెలుసు. ఏడోనెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదోనెల పిల్ల బతకదన్నది వట్టిమాట. కడుపులో గడిచే ఒక్కో వారమూ పిల్లకి బలమే. కావలిస్తే ఏ పిల్లల డాక్టర్నయినా అడగండి.

మా అమ్మమ్మ ఒక్కతే వేరేమాట అంది. "పిల్లని రొమ్ముకి హత్తుకుని పడుకోనివ్వరుటే?" అని. చెవుల్లో ఆముదం పొయ్యమన్నదీ ఆవిడే. ఆ మాట నేను వినలేదు. మొదటిమాట ఆసుపత్రివాళ్లు వినలేదు.

నిజానికి అప్పటికే అది లోకానికి కొత్తమాట కాదు. 1978లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో, ఎడ్గార్ రే అనే డాక్టరు పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక, తల్లి గుండెకే పిల్లని కట్టించాడు. కంగారూ పద్ధతి అన్నారు దాన్ని. తర్వాత ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల్లో, 1 కేజీనించి 1.8 కేజీల లోపు బరువున్న 3 వేల పైచిలుకు పిల్లల్ని పరిశీలించింది. మన దేశంలో ఇది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగింది. కొందరిని పుట్టగానే తల్లి ఒంటికి హత్తించి ఆమె దగ్గరే ఉంచారు. కొందరిని కుదుటపడ్డాకే తల్లికిచ్చారు. మొదటివాళ్లలో మరణాలు నూటికి 25 వంతులు తక్కువని 2021లో ప్రకటించారు. మరమీద ఊపిరి పీల్చే పిల్లల్ని మినహాయించి, మిగతావాళ్లని వీలైనంత త్వరగా తల్లికి హత్తించమని 2022లో ఆ సంస్థే చెప్పింది.

"జనం లోపలికొస్తే అంటురోగాలమ్మా" అంటారు. జనాన్ని ఆపండి, నేనూ ఆపమనే అంటాను. ట్రాక్టరెక్కి దిగే బంధుకోటిని గేటు దగ్గరే ఆపండి. తల్లి జనం కాదు. ఆవిడ శుభ్రంగా చేతులు కడుక్కుంటుంది. ఆ పరిశీలనలోనే, తల్లి దగ్గరున్న పిల్లల్లో నెత్తుట్లో క్రిములు చేరాయన్న అనుమానం తక్కువమందికే కలిగింది. "చోటు లేదు" అంటారు. డబ్బు కట్టే కౌంటరుకి చోటుంది గదా? మంచం లేకపోతే ఒక కుర్చీ వెయ్యండి.

మాకూ పద్దెనిమిదో రాత్రి ఓ కుర్చీయే దిక్కయింది. డ్యూటీలో ఉన్న నర్సమ్మ నన్ను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, పిల్లని నా గుండెమీద పడుకోబెట్టింది. గిన్నెడు పాలకి గంటసేపు పట్టేది నాకు. ఆ రాత్రి వాటంతటవే వచ్చి ఒళ్లంతా తడిపేశాయి. పిల్ల కళ్లు మూసుకుని నిద్రపోయింది. రూలు తప్పిన ఆవిడ పేరు ఇప్పుడూ చెప్పను.

ఇప్పుడు రోజులు మారాయంటారు. కొన్నిచోట్ల మారాయి, సంతోషం. కాని ఈమధ్యనే మా పక్కింటమ్మాయికి నెలలు నిండకుండా కాన్పయితే చూడ్డానికెళ్లాను. అదే పుస్తకం, అదే అయిదుగంటలు, వరండాలో అదే గోడ!

అంచేత ఈసారి మీ ఇంట్లో ఇలాంటి అవసరం పడితే, పిల్ల బరువెంతని అడిగాక రెండో ప్రశ్న అడగండి: తల్లినెక్కడ ఉంచుతారు? తండ్రీ పిల్లని గుండెకి హత్తుకోవచ్చు, ఆయన్నీ కూర్చోబెట్టండి. పరామర్శకి వెళ్లేవాళ్లం, ఏం తిన్నావని అడగడం మానేసి తినడానికి వేడిగా ఏదైనా పట్టికెళదాం. ఇంటిదగ్గర పెద్దపిల్లకి జడ వేద్దాం.

కైకలూరు పక్కనే ఆటపాకలో గూడబాతులు పిల్లల్ని పెడతాయి. తల్లులు బెదిరిపోతాయని మనుషుల్ని గూళ్లకి దూరంగా ఉండమంటారు. మనుషుల దగ్గరికొచ్చేసరికి దూరంగా ఉండమనేది తల్లినే!

అన్నట్టు, మా పిన్నిగారు ఈ పత్రిక ప్రతివారం చదువుతారు. అందుకే ఇందులో రాశాను.