వడ్లు అవే, సార్టెక్స్ పాతదైంది

మా పెద్దనాయిన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. పోయిన ఎండాకాలం మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపులు మొదలయ్యాయి. ముందు గ్యాస్ అనుకున్నాం, తర్వాత ఎండదెబ్బ అనుకున్నాం. చివరికి 2డీ ఎకో తీస్తే తేలిందేమిటంటే, గుండె సాగి పెద్దదైంది, పంపింగ్ 30 శాతమే ఉంది. యాంజియోగ్రామ్‌లో బ్లాకుల్లేవు. ఆయనకు సిగరెట్ లేదు, షుగర్ లేదు. డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా?" అని అడిగాడు. మా తాత యాభై రెండేళ్లకే పొలం గట్టు మీద కూలబడి పోయాడు. ఆ సంగతి అందరికీ తెలుసు గానీ దాన్ని గుండె లెక్కలో వేసినవాళ్లు ఎవరూ లేరు.

"తోడబుట్టినవాళ్లు, మీ పిల్లలు ఒకసారి ఎకో తీయించుకోవాలి" అన్నాడు డాక్టర్. తోడబుట్టినవాళ్లంటే సూర్యాపేటలో మా నాయిన, కోదాడలో మా మేనత్త.

బయటికొచ్చాక పెద్దనాయిన నన్నొక ప్రశ్న అడిగాడు. "పుట్టుకతోనే తేడా ఉంటే గిన్నేండ్లు ఎట్ల నడిచిందిరా? యాభై ఎనిమిదేండ్లు వచ్చినయ్, బస్తాలు మోసిన. అప్పుడు లేనిది ఇప్పుడు యాడికెల్లి వచ్చింది?"

ఈ ప్రశ్నకు దగ్గరి జవాబు మన హైదరాబాద్‌లోనే, హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ నుంచి వచ్చింది. 2009లో అక్కడి శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, ఇతర దేశాల పరిశోధకులతో కలిసి 'నేచర్ జెనెటిక్స్' పత్రికలో ఒక పేపర్ ప్రచురించారు. గుండె కండరంలో మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి అని ఒకటుంటుంది. కండరం ఎంత బిగువుగా ముడుచుకోవాలో అదుపు చేసే ప్రొటీన్ అది. దాన్ని తయారుచేసే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన ఉపఖండంలో నూటికి దాదాపు నలుగురిలో ఉందని వాళ్లు తేల్చారు. లక్ష దాటిన సూర్యాపేటలో కూడా అదే సగటు అనుకుంటే, నాలుగు వేల మంది అన్నమాట. మార్పు వయసు సుమారు 33 వేల ఏళ్లని వాళ్ల అంచనా. ఇంతకాలం ఎలా బతికింది? దెబ్బ ఎక్కువగా పిల్లలు పుట్టేశాక, నడివయసు దాటాక పడుతుంది కాబట్టి.

ఆ అక్షరాలు లేకపోతే ప్రొటీన్ తోక వంకరగా తయారవుతుంది, దాని చోట్లో సరిగ్గా కూర్చోదు. కానీ వయసులో ఉన్నవాళ్ల కణాలు ఆ వంకర ప్రొటీన్‌ను పట్టి విరగ్గొట్టేస్తాయి, వయసు పెరిగేకొద్దీ ఆ పని మందగించి చెత్త పేరుకుంటుంది అని తంగరాజ్ బృందం వివరణ ఇచ్చింది.

దీన్ని పెద్దనాయినకు చెప్పడం నాకేమీ కష్టం కాలేదు. ఆయన చివరి పన్నెండేళ్లు సార్టెక్స్ మిషన్ దగ్గరే పనిచేశాడు. బియ్యం ధారగా జారుతుంటే కెమెరా నల్ల గింజను పట్టుకుంటుంది, గాలి కొట్టి పక్కకు తోసేస్తుంది. కణంలోనూ అట్లాంటి ఏర్పాటే ఉంది. కొత్తగా తయారైన ప్రొటీన్‌ను సరిగ్గా మడత పెట్టడానికి షాపరోన్లు అనే సహాయక ప్రొటీన్లు ఉంటాయి. మడత కుదరకపోతే దాని మీద యుబిక్విటిన్ అనే చిన్న ముద్ర పడుతుంది. ముద్ర పడ్డ సరుకును ప్రొటియాసోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. ఈ ముద్ర సంగతి కనిపెట్టినందుకే 2004లో సీకనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. యంత్రంలో పట్టని పెద్ద గడ్డలను, పాడైన భాగాలను సంచిలో చుట్టి కరిగించేది ఆటోఫేజీ. దాని మీద చేసిన పనికి 2016లో జపాన్‌కు చెందిన ఒసుమికి నోబెల్ ఇచ్చారు. (ఆటోఫేజీ పేరు చెప్పి యూట్యూబ్‌లో పొడులు అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది వేరే వారం.)

పెద్దనాయిన అంతా విని, "గంతేనా? వడ్లు అవే, సార్టెక్స్ పాతదైంది. గాలి ప్రెజర్ తగ్గితే నల్ల గింజ కనపడ్డా కొట్టదు, సక్కగ బస్తాలకే పోతది" అన్నాడు. నేను రెండు రోజులు చదివింది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.

ఈ బాధ గుండెకే ఎందుకు ఎక్కువ? చర్మం, పేగు లోపలి పొర అయితే పాత కణాన్ని రాల్చేసి కొత్తది పెట్టుకుంటాయి. గుండెకు ఆ వసతి చాలా తక్కువ. 2009లోనే స్వీడన్‌లో ఫ్రిసెన్ బృందం ఒక చిత్రమైన కొలత తీసింది. అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఎంత ఉందో చూసి గుండె కణాల వయసు లెక్కగట్టారు. పాతికేళ్లప్పుడు ఏడాదికి 1 శాతం కండర కణాలు కొత్తవి వస్తాయి, డెబ్బై ఐదేళ్లకు 0.45 శాతమే. అంటే మా పెద్దనాయిన గుండెలో సగానికి పైగా కణాలు ఆయనతో పాటు పుట్టినవే. రోజుకు లక్షసార్లు కొట్టుకుంటూనే లోపల ప్రొటీన్లను మార్చుకుంటూ ఉండాలి. మా ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్‌కు కూడా ఆదివారం రాత్రి రెండు గంటలు డౌన్‌టైమ్ ఇస్తాం. గుండెకు అది కూడా లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ 25 అక్షరాల మీదే అంతా మోపడం సరికాదని తర్వాత తేలింది. 2020లో వచ్చిన ఒక అధ్యయనం, గుండె కండరం మందమయ్యే జబ్బులో ముప్పు ఎక్కువగా దానితో పాటు వంశంలో నడిచొచ్చే మరో మార్పు వల్లే అంది. మార్పు ఉన్నవాళ్లలో చాలామంది ఏ జబ్బూ లేకుండా ముసలితనం చూస్తారు. పెద్దనాయినకు జన్యు పరీక్ష చేయించలేదు, కాబట్టి ఆయనది ఇదే అని నేను అనను. కానీ డాక్టర్ ఎకో చెప్పింది ఊరికే కాదు. నల్ల గింజలు పేరుకోవడం మొదలైతే ఆయాసం రాకముందే ఎకోలో తెలియొచ్చు, అప్పుడు మందులు బాగా పనిచేస్తాయి. ఒకసారి బాగుందని వస్తే సరిపోదు, కొన్నేళ్లకొకసారి మళ్లీ చూడాలి. మా నాయినకు బాగానే ఉంది. మూడేళ్ల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఆగిపోయింది కోదాడలో. మేనత్త కూతురికి సంబంధాలు చూస్తున్నారు. "ఇప్పుడు పోయి గుండె పరీక్ష చేయించుకుంటే నాలుగూళ్లకు తెలుస్తది. గుండె జబ్బు ఇంటి పిల్ల అంటరు. లగ్గం అయినంక చూద్దాం తీయ్ బిడ్డా" అంది అత్త. ఆమెకు యాభై ఒకటి. నేను సార్టెక్స్ కథ మొత్తం చెప్పాను. విని, టీ పెట్టడానికి లేచిపోయింది. నాకు కోపం వచ్చింది గానీ, ఆమె భయం ఉత్త భయం కాదు. అట్లా అనే ఇళ్లు మా చుట్టాల్లోనే నాలుగైదు తెలుసు నాకు.

మొన్న రాత్రి పదకొండింటికి మరదలు మెసేజ్ పెట్టింది. "బావా, బట్టలు కొనాలని చెప్పి ఆదివారం అమ్మను సూర్యాపేటకు తీసుకొస్త. ఎకో సెంటర్ ఆదివారం తెరిచి ఉంటదా?"

ఉండదు. శనివారం రమ్మన్నాను.